బేస్తవారం నా వంతు

తిమ్మక్క రావడం మానేశాక గానీ ఆమె ఎంత పని చేసేదో ఆ హాల్లో ఎవరికీ తెలియలేదు. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరుకూ కంపెనీకీ ఎక్కడో చెడింది. పాతాయన తన మనుషుల్ని తీసుకుని వెళ్లిపోయాడు, కొత్తాయన ఇంకా కుదరలేదు. పెనుకొండ నుంచి హిందూపురం పోయే రోడ్డు పక్కనున్న ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఆడవాళ్లకని హాలు చివర నాలుగు బాత్రూములున్నాయి. ఒకటి ఎప్పుడో మూతపడింది. మిగిలిన మూడూ కొద్ది రోజుల్లోనే ఎలా తయారయ్యాయంటే, పొద్దున బస్సు దిగినవాళ్లు సాయంత్రం మళ్లీ బస్సెక్కే దాకా నీళ్ల సీసా మూత తియ్యడం మానేశారు. తాగితే పోవాలి. పోవాలంటే ఆ తలుపు తియ్యాలి. అందుకని మిషన్ల కింద సీసాలు నిండుగానే ఉండేవి, నోళ్లు మాత్రం ఎండిపోయేవి. సూపర్‌వైజర్లు ఆఫీసు పక్కనున్న వేరేదానికి పోతారు కాబట్టి వాళ్లకు ఈ సంగతి వాసనగా మాత్రమే తెలుసు.

ఆ వాసన ఆఫీసు తలుపు దాకా వచ్చిన సోమవారం పొద్దున సూపర్‌వైజరు హరిప్రసాద్ కాలర్ సెక్షన్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చూడండమ్మా, కొత్త కాంట్రాక్టరు వచ్చేదాకా బాత్రూములు మనమే చూసుకోవల్ల. మన ఇంట్లో మనం కడుక్కోమా? ఒక్కో సెక్షన్‌కు ఒక్కో నెల. తొలీత మీదే. ఆరుగురుండారు, వారానికి పని ఆరు దినాలు. మిషన్ వరసనే వంతు. ఎవురికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు."

ఎంత న్యాయంగా చెప్పాడో అని ఆయనకే ముచ్చటేసినట్టుంది, ఒకసారి తల ఊపుకున్నాడు. మొదటి మిషను చాముండేశ్వరిది కాబట్టి సోమవారం ఆమెకు పడింది. రెండోది ఆదిలక్ష్మికి. నాలుగో మిషను రాణిది. అంటే బేస్తవారం.

"ఇంకో మాట. శనివారం ధర్మవరం యూనిట్ నుంచి చెన్నప్ప మాస్టరు వస్తాండాడు. శాంపిల్ సెక్షన్‌కు ఒకరు కావల్లంట. ఈ వారమంతా టార్గెట్ తప్పకుండా, ఒక్క ఆల్టర్ పీసు రాకుండా ఎవురుంటారో వాళ్లకు టెస్టు పెట్టిస్తా." ఆ మాట అంటూ ఆయన రాణి వైపే చూశాడు. చెకింగ్ టేబుల్ మీద తప్పు దొరికి వెనక్కొచ్చేదాన్ని ఆల్టర్ పీసంటారు. రాణి మిషను నుంచి పోయిన కాలరు అలా తిరిగిరావడం చాలా అరుదు.

ఆ హాల్లో చొక్కా ఎవరూ కుట్టరు. ఒకరు చేతులు కుడతారు, ఒకరు జేబులు, ఇంకొకరు కాజాలు. రాణి చేరినప్పటి నుంచీ కాలర్లే కుట్టింది. ఇదిగో ఇది నేను కుట్టిన చొక్కా అని మొగుడికి చూపించుకుందామన్నా ఆమెకు ఒక్కటీ లేదు. శాంపిల్ సెక్షన్‌లో మాత్రం ఒకే మనిషి చొక్కా మొత్తం కుట్టాలి, మెడ నుంచి కింది అంచు దాకా. రాణికి అది కావాలి. ఎంతగా కావాలంటే, హరిప్రసాద్ అటు తిరగ్గానే ఆమె అప్పటికే కుట్టి పక్కన పెట్టిన కాలరును మళ్లీ తీసి రెండు మొనలూ సరిచూసుకుంది.

పది గంటలకు చాముండేశ్వరి లేచింది. పైట చెంగు ముక్కుకు అడ్డం కట్టుకుని బాత్రూముల దాకా పోయి, తలుపు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేసింది. అన్నం తిన్నాక చేస్తానంది. ఆమె సెక్షన్‌లో అందరికంటే పెద్దది, గట్టి మనిషి. పేగులు బయటపడేలా వాంతులు చేసుకునే కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది పోయిన ఏడు. అలాంటి మనిషి ముఖం ఇప్పుడు పాలిపోయి ఉంది.

రాణికి అన్నం వేళ దాకా ఆగే వీలు లేదు. ఈ మధ్యనే మూత్రంలో మంట, జ్వరం వచ్చి హిందూపురం ఆసుపత్రిలో చూపించుకుంటే, నీళ్లు బాగా తాగు, ఆపుకున్నావంటే ఈసారి కిడ్నీ దాకా పోతుంది అని డాక్టరమ్మ మందలించి పంపింది. అందుకని ఆ హాల్లో సీసా ఖాళీ చేసేది రాణి ఒక్కతే. ఇంకో పావుగంట కుట్టి, కాళ్లు దగ్గరపెట్టుకుని, ఇక లాభం లేదని లేచింది.

మొదటి బాత్రూము నిండిపోయి గడప దాటి వచ్చింది. రెండోదాన్లో గుడ్డలు, ప్యాడ్లు ఎవరు ఎప్పుడు పడేశారో, గుంతకు అడ్డంపడి నీళ్లు పైకి తేలి ఉన్నాయి. మూడోదానికి గొళ్లెం లేదు. కిటికీ చువ్వల మధ్య కూడా కాగితం పొట్లాలు దూర్చి ఉన్నాయి. తిమ్మక్క వదిలిపోయిన చీపురు, బ్రష్షు, సగం ఫినాయిల్ డబ్బా మూలన ఉన్నాయి. రాణి గోడకు చెయ్యి ఆనించి పొద్దున తిన్న ఉగ్గాణి అంతా కక్కుకుంది. కళ్లు తుడుచుకుంది. బయటికి పోయి ఎవరినైనా పిలుద్దామనుకుంది గానీ ఎవరిని పిలుస్తుంది? కడుపులో ఒత్తిడి ఎక్కువవుతోంది. ఈ ఒక్కసారికి చేసేస్తే పోతుంది అనుకుని చీర ఎగదోపుకుంది.

ఆమె చేసిన తప్పు అంతా ఆ ఒక్క క్షణంలోనే ఉంది. అది తప్పని ఆమెకు అప్పుడు తెలియదు.

బక్కెట్ల మీద బక్కెట్లు పోసింది. కట్టెపుల్లతో గుడ్డలు లాగి గోనెసంచిలో వేసింది. ఫినాయిల్ చల్లి, కాసేపు నాననిచ్చి రుద్దింది. చివరికి ఒకదాన్లోకి పోయి కూర్చున్నప్పుడు ఆమెకు ఏడుపొచ్చినంత హాయి కలిగింది.

తిరిగి వచ్చేసరికి తన మిషను పక్కన బండిల్ లేదు. తను కుట్టాల్సిన కాలర్లు చాముండేశ్వరీ, ఆదిలక్ష్మీ పంచుకుని కుట్టేశారు. ఏ పీసు ఎవరు కుట్టారో తెలిపే స్టిక్కర్లు మాత్రం రాణి నంబరువే అంటించారు.

"నీ పీసులు మేమేసినాం లే. నీ టార్గెట్‌కేమీ కాదు," అంది చాముండేశ్వరి. ఆమె గొంతులో నిజంగానే కృతజ్ఞత ఉంది. "నా చేత కాలేదే రాణీ. తలుపు తీస్తానే కడుపులో తిప్పింది. మాకు చేతగాదు గానీ, మీకైతే..."

మాట సగంలో ఆపేసింది. ఆపేసినా అది అక్కడే నిలబడి ఉంది. మిగతా సగం ఏమిటో ఆ సెక్షన్‌లో ఆరుగురికీ తెలుసు. రాణి తడి చేతులు పైటకు తుడుచుకుని కూర్చుంది. ఏదో అనాలనిపించింది. కానీ ఆమె మంచిగానే చెప్పింది కదా, పని కూడా చేసిపెట్టింది కదా అని ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం హాలంతా నీళ్లు తాగింది. సీసాల మూతలు తీస్తున్న చప్పుళ్లు వింటుంటే రాణికి గర్వంగా కూడా ఉండింది. ఎక్కడెక్కడి సెక్షన్ల వాళ్లో వచ్చి, నీ కడుపు చల్లగుండ అనిపోయారు. ఆరుగురూ ఎప్పటిలాగే గుండ్రంగా కూర్చుని క్యారియర్లు విప్పారు. రాణి ఆదిలక్ష్మి గిన్నెలోని చెనిక్కాయల చట్నీకి చెయ్యి చాచింది. ఆదిలక్ష్మి గిన్నె జరపలేదు గానీ, "సోపుతో కడుక్కున్న్యావా మే?" అంది.

"కడుక్కున్న్యా," అంది రాణి.

"అట్ల కాదులే, ఊరికే అడిగినా." ఆదిలక్ష్మి నవ్వి, తనే చెంచాతో చట్నీ తీసి రాణి గిన్నెలో పైనుంచి వేసింది.

మంగళవారం ఆదిలక్ష్మి వంతు. ఆమె పొద్దున్నే వచ్చి, స్టోరు నుంచి ఇచ్చిన రబ్బరు గ్లౌజులు రాణి మిషను మీద పెట్టింది. అడగను కూడా లేదు. "నీ బండిల్ నాకియ్యి, నేనేస్తా," అని కత్తిరించిన గుడ్డల కట్ట తన వైపు లాక్కుంది. ఎవరూ ఆర్డరు వెయ్యలేదు, ఎవరూ బతిమాలలేదు. పొద్దున బస్సులో ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నట్టు, అది అలా కుదురుకుపోయింది. బుధవారం మూడో మిషను లక్ష్మీదేవి వంతునాడు కూడా గ్లౌజులు రాణి మిషను మీదే ఉన్నాయి.

ఇందులో రాణి పాత్ర ఏమీ లేదని చెప్పడం అబద్ధం. ఆమెకు ఆ పని మీద పట్టు దొరికింది. మెకానిక్కు వెంటబడి మూడో తలుపుకు ఇనుప తీగతో గొళ్లెం పెట్టించింది. మూతపడిన నాలుగోదాన్ని కూడా తెరిపించింది. ప్యాడ్లకని మూతున్న పాత డ్రమ్ము ఒకటి సంపాదించింది. హరిప్రసాద్ అటు పోతూ ఆగి, "బలే చేస్తాండావు రాణీ," అన్నాడు. ఆయన మూడు రోజులూ ఆమెను బ్రష్షుతోనే చూశాడు. వంతు ఎవరిదని ఒక్కసారీ అడగలేదు.

అన్నం వేళకు ఆమె కొంచెం ఆలస్యంగా వచ్చేది, చేతులు మోచేతుల దాకా కడుక్కుని. అప్పటికే గుండ్రం పూర్తయి ఉండేది. జరగండి అంటే జరిగేవాళ్లే, కానీ బుధవారం ఆమె అనలేదు. గోడ పక్కన కూర్చుని తింది.

పెనుకొండలో ఆ రాత్రి ఆమె మొగుడు అభిషేక్ ఆటో నిలిపి లోపలికొస్తూనే ముక్కు ఎగబీల్చాడు.

"ఇల్లు కడిగినావా?"

"లేదు. ఫ్యాక్టరీలో బాత్రూములు. వంతులు పెట్టినారు."

"నీ వంతు రేపని కదా చెప్పినావు?"

రాణి అన్నం వడ్డిస్తూ చెప్పింది. వాళ్లు నా కాలర్లు కుడతారు, నేను వాళ్ల వంతు చేస్తాను, అంతే. శనివారం దాటితే శాంపిల్‌కు పోతాను, ఆ తర్వాత ఆ గొడవే లేదు. చెప్తున్నంతసేపూ అభిషేక్ కంచంలో చెయ్యి పెట్టలేదు. వాళ్లమ్మ బస్టాండు ఊడ్చి పెంచింది అతణ్ని. రాణికి మిషను పని నేర్పించమని పెళ్లిచూపుల్లోనే అడిగిన మనిషి ఆమె.

"నువ్వు శాంపిల్‌కు పోతే ఆడ ఎవురు కడగల్ల?" అన్నాడు. "పోనిస్తారా వాళ్లు నిన్ను?"

"ఏంటికి పోనీరు? వాళ్లు నాకు చెడు చేసేటోళ్లా?"

"చెడు చెయ్యరు. నువ్వు పోతే వాళ్లకు కష్టం, అంతే." అతను అన్నం కలుపుకున్నాడు. "రేపు నీ వంతు, చెయ్యి. ఎల్లుండి గ్లౌజులు పెడితే తిరిగిచ్చెయ్. నా మాట ఇను."

రాణికి కోపం వచ్చింది. మా సెక్షన్ వాళ్ల సంగతి నీకేం తెలుసు అంది. అటు తిరిగి పడుకున్నాక మాత్రం చాలాసేపు కళ్లు మూతపడలేదు.

బేస్తవారం తన వంతు తను చేసింది. ఆ రోజు కూడా ఆమె బండిల్ మిగతావాళ్లు పంచుకున్నారు. శుక్రవారం పొద్దున గ్లౌజులు మిషను మీద కనబడితే, ఇంకొక్క రోజే కదా అని తీసుకుంది.

తిరిగి వచ్చేసరికి హరిప్రసాద్ ఆమె స్టూలు దగ్గర నిలబడి ఉన్నాడు. మిషను మీద కాలర్ల గుట్ట పడి ఉంది. ఒక్కో దాని మీదా ఎర్ర బాణం స్టిక్కరు అంటించి ఉంది.

"ఏమిది రాణీ? వారమంతా పోయిన బండిల్లలో నుంచి తీసినారు. అన్నీ నీ నంబరే."

రాణి ఒకటి చేతిలోకి తీసుకుంది. కాలరు మొనలు రెండూ ఒక తీరుగా లేవు. ఇంకోదాన్లో కుట్టు అంచు దాటి జారిపోయింది. ఇంకోదాని మొన సరిగా తిప్పక లోపల గుడ్డ ముద్దయింది. తన పని మధ్యలో ఇంకొకరి పని చేసేవాళ్లు ఎలా చేస్తారో అలాగే ఉన్నాయి, గబగబా, ఎలాగో ఒకలాగ. వాళ్లు కావాలని చెడగొట్టలేదు. తమ నంబరు మీద పోయేవి జాగ్రత్తగా కుట్టుకున్నారు, అంతే.

"ఇవి నేనేసినవి కాదు సార్."

"నీ స్టిక్కరే కదమ్మా ఉండేది."

"స్టిక్కరు నాదే. ఆ పొద్దు నేను బాత్రూములో ఉన్న్యా. మీరే చూసినారు కదా."

హరిప్రసాద్ ముఖం ఒక్కసారిగా సూపర్‌వైజరు ముఖం అయిపోయింది. "నీ వంతు బేస్తవారం. తక్కిన దినాలు నిన్ను పొమ్మన్నదెవురు? నేను చెప్పినానా?"

ఆయన చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. రాణి సెక్షన్ వైపు చూసింది. ఐదు మిషన్లూ ఆగి ఉన్నాయి. ఆదిలక్ష్మి కింద పడిపోయిన కత్తెర వెతుక్కుంటోంది. చాముండేశ్వరి దారపు ఉండ చేతిలో పట్టుకుని దాని కొస ఎక్కడుందో చూస్తోంది. ఒక్కరు నోరు తెరిచి, మేమే వేశాం సార్ అంటే సరిపోయేది. అన్నవాళ్ల మీదికి ఆ గుట్ట పోతుంది, అందుకని ఎవరూ అనలేదు. రాణి పేర్లు చెప్పొచ్చు. చెప్పినా రేపటి నుంచి కూర్చోవాల్సింది ఈ ఐదుగురి మధ్యే.

ఆమె స్టూలు మీద కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం బస్సు హారన్ కొట్టేదాకా విప్పుతూనే ఉంది.

శనివారం ధర్మవరం నుంచి చెన్నప్ప మాస్టరు వచ్చాడు. పొడుగాటి మనిషి, మెడలో టేపు. ఎవరో స్లీవ్ సెక్షన్ ఆమెను పిలిచి శాంపిల్ గదిలో కూర్చోబెట్టారు. అద్దాల గది కావడంతో అందరికీ కనబడుతోంది. ఆమె ముందు ఒక చొక్కా ముక్కలన్నీ పరిచి ఉన్నాయి. వెనక భాగం, ముందు భాగాలు, చేతులు, కాలరు. ఆమె భుజాలు జతచేస్తోంది. రాణి ఒకసారే చూసింది. మళ్లీ చూస్తే ఏడుస్తానని తెలిసి తల దించుకుంది.

మధ్యాహ్నం హరిప్రసాద్ ఆమెను పక్కకు పిలిచాడు. నిన్నటి కోపం లేదు, మెత్తగా మాట్లాడాడు.

"మేనేజరు జయచంద్ర సార్ నిన్న బాత్రూములు చూసినాడు. శానా బాగుండాయన్నాడు. కాంట్రాక్టరు ఏంటికి, మన మనిషినే పెట్టుకుందాం అన్నాడు. నీ పేరు చెప్పినా. టార్గెట్ లేదు, బండిల్ లేదు, ఎవురితోనూ మాట పడేది లేదు. నాలుగూ కడిగేసి కూచోవచ్చు. సోమవారం నుంచి నీ మిషన్లో కొత్తగా చేరిన వెన్నెలను కూచోబెడతాండా."

"నేను టైలర్‌ను సార్."

"టైలర్లు శానామంది దొరుకుతారు రాణీ." ఆయన దాన్ని పొగడ్తగానే అన్నాడు.

అప్పటికే ఆ కబురు సెక్షన్‌కు తెలిసిపోయింది. ఐదుగురూ సంతోషించారు, ఆ సంతోషం నటన కాదు. మంచిదే కదే, నడుము నొప్పి ఉండదు అంది లక్ష్మీదేవి. నీ చెయ్యి పడితేనే అది శుభ్రంగా ఉంటుంది అంది ఆదిలక్ష్మి. చాముండేశ్వరి మిషను మీది దారపు పోగులు దులుపుకుంటోంది. ఆ గుట్టలో తను కుట్టినవి ఎన్నో ఆమెకు తెలుసు. సాయంత్రం రాణి క్యారియర్ సంచి తీసుకుని బస్సెక్కింది. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. ఆదివారం మందిరంలో కళ్లు మూసుకుంటే దేవుణ్ని ఏమడగాలో కూడా తోచలేదు. నా మిషను నాకుంచు ప్రభువా అని మాత్రం అనుకుంది.

సోమవారం ఆమె హాల్లోకి అడుగుపెట్టేసరికి నాలుగో మిషను ముందు వెన్నెల కూర్చుని ఉంది. కాళ్లు పెడల్‌కు సరిగా అందక స్టూలు ముందుకు జరుపుకుంటోంది. మిషను పక్కన నేల మీద బ్రష్షు, కొత్త ఫినాయిల్ డబ్బా, గ్లౌజులు ఉన్నాయి.

"లెయ్ పాపా," అంది రాణి.

"సార్ కూచోమన్నాడక్కా."

"తెలుసు. లెయ్."

గొంతు పెంచలేదు గానీ వెన్నెల లేచింది. రాణి కూర్చుని స్టూలు వెనక్కి జరుపుకుంది. దారం మార్చింది. హరిప్రసాద్ వచ్చేసరికి ఆమె రెండో కాలరు మీద ఉంది.

"ఏమి రాణీ ఇది?"

"ఈ దినం ఎవురి వంతు సార్?"

"వంతేమి? నీకు చెప్పినా కదా."

"నేను ఒప్పుకోలే సార్. మీరు పెట్టిన వంతు ప్రకారం సోమవారం చాముండేశ్వరక్కది. నా వంతు బేస్తవారం. ఆ దినం చేస్తా, ఎవురికన్నా బాగా చేస్తా." ఆమె చూపు కుట్టు మీదే ఉంది. మిషను ఆపలేదు.

హరిప్రసాద్ చుట్టూ చూశాడు. హాలంతా వింటోంది. మిషన్ వరసనే వంతు, ఎక్కువ లేదు తక్కువ లేదు అని తను చెప్పింది కూడా ఇదే చోట నిలబడి.

"సరే, కూచో. ఈ వారంలో నీ నంబరు మీద ఒక్క ఆల్టర్ పీసు వచ్చినా మిషనూ లేదు, ఏమీ లేదు, ఇంటికే. జయచంద్ర సార్‌కు నేనే చెప్తా." బ్రష్షును కాలితో చాముండేశ్వరి మిషను వైపు తోసి వెళ్లిపోయాడు. వెన్నెలను గుండీల దగ్గరికి పంపించారు.

చాముండేశ్వరి బ్రష్షు వైపు చూడలేదు. శుక్రవారం పొద్దున రాణి కడిగాక బాత్రూముల్లో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎండ ముదిరేసరికి వాసన లేచింది. హాల్లో ఒక్కొక్కరే సీసా మూతలు బిగించుకున్నారు. రాణి అంతకుముందులాగే నీళ్లు తాగింది. గుటక గుటకకూ ఐదుగురు తనను చూస్తున్నారని తెలుసు. పదకొండు దాటాక లేచి వెళ్లింది.

లోపల మళ్లీ అదే. రెండు రోజుల్లోనే అంతా మొదటికొచ్చింది. ఆమె పెట్టించిన తీగ గొళ్లెం మాత్రం ఉంది. బక్కెట్ పక్కనే ఉంది, నీళ్లు వస్తున్నాయి. ఆమె చేతులు వాటంతటవే కొంగు దోపుకోబోయాయి. ఒక్క బక్కెట్ పోస్తే ఏం పోయింది అనిపించింది. పోతుంది. ఏం పోతుందో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, ఆ మురికి మీదే రెండు పాదాలు పెట్టుకుని కూర్చుంది. ఇంత రోతగా ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు, కడిగిన మొదటి రోజు కూడా. బయటికొచ్చి కొళాయి కింద కాళ్లు కడుక్కుని మిషను దగ్గరికి వచ్చింది.

అందరూ ఆమె చేతుల వైపు చూశారు. చేతులు పొడిగా ఉన్నాయి.

"ఎంత బిర్రు, ఎంత పొగరు చూడు," అంది ఆదిలక్ష్మి, అందరికీ వినబడేలా. "మేమేం అన్యాయం చేసినామే నీకు? నీ పని చేసిపెట్టలేదా?"

"చేసిపెట్టినారు," అంది రాణి. "మీరు చేసిపెట్టిన పనికే కదా నా టెస్టు పోయింది."

ఆదిలక్ష్మి తన మిషను పెడల్ గట్టిగా తొక్కింది. అన్నం వేళకు గుండ్రం కట్టలేదు. ఎవరి స్టూలు మీద వాళ్లే కూర్చుని తిన్నారు. నీళ్లు లేకుండా తినడంతో లక్ష్మీదేవికి పొలమారింది. పక్క సెక్షన్ వాళ్లు వచ్చి, మీ కాలరోళ్ల వల్ల మేం చచ్చిపోతున్నామని దులిపేసి పోయారు. తిట్టింది అందరినీ అయినా చూపులన్నీ రాణి మీదికే వచ్చాయి. ఆమె మెడ ఎత్తలేదు. కాలరు మొన తిప్పడం, అంచు చూడడం, రెండు మొనలూ ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచూసుకోవడం. ఒక్కటి తేడా వచ్చినా ఇంటికే.

మూడు గంటలవుతుండగా చాముండేశ్వరి లేచింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. బ్రష్షు, డబ్బా తీసుకుని హాలు చివరికి నడిచింది. కాసేపటికి అక్కడి నుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు వచ్చింది, ఒకసారి కాదు, ఆగి ఆగి. ఐదు మిషన్లూ నెమ్మదించాయి.

ఆమె తిరిగి వచ్చి రాణి మిషను దగ్గర నిలబడింది. కళ్లు ఎర్రబడ్డాయి. ముఖం కడుక్కున్న నీళ్లు గడ్డం నుంచి జారుతున్నాయి. చేతిలో బ్రష్షు ఇంకా పొడిగానే ఉంది.

"రాణీ, నా చేత కాలేదే. ఎట్ల కడిగినావే నువ్వు? నీకు తెలిసిన పని కదా, ఒక్కసారి వచ్చి చూపీ. తక్కింది నేను చేసుకుంటా, నా బిడ్డ మీద ఆన."

అబద్ధం చెప్పడం లేదు ఆమె. నిజంగానే చూస్తే చేసుకుంటుంది. రాణి కాళ్లు పెడల్ మీద నుంచి జారాయి. సగం లేచింది కూడా. వయసులో పెద్దది, తల్లి లాంటిది, ఇంతగా అడుగుతుంటే పోకపోవడం ఎలా? పక్కన నిలబడి చెప్తే చాలు కదా. కానీ పోయాక పక్కన నిలబడి ఉండలేదు తను, ఆ సంగతి తనకు తెలుసు. స్టూలు అంచు రెండు చేతులతో పట్టుకుని తన్ను తాను మళ్లీ కూర్చోబెట్టుకుంది.

"నాకు తెలిసిన పని కాదక్కా," అంది. "నాకూ ఎవురూ నేర్పలే. పోయిన సోమవారం నేనూ నీ మాదిరే గోడ పట్టుకుని కక్కుకున్న్యా. కక్కుకుని, కడిగినా."

చాముండేశ్వరి రాణిని చూసిన చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఇన్నాళ్లూ పక్కపక్కన కూర్చుని, ఒకే గిన్నెలో చట్నీ తిని, ఈ పిల్లకు కూడా కడుపులో తిప్పుతుందని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. అడుగులు మెల్లగా హాలు చివరికి పోయాయి. తలుపు తెరిచిన చప్పుడు, మళ్లీ వాంతి, ఆ తర్వాత బక్కెట్లో నీళ్లు పడడం మొదలైంది.

రాణి కొత్త కాలరు సూది కింద పెట్టింది. మొన దాకా వచ్చి తిప్పబోయి ఆగిపోయింది. కళ్ల నిండా నీళ్లు, కుట్టు కనబడడం లేదు. ఈ ఒక్క కాలరు చెడినా ఈ మిషను ఉండదు. అందుకని పెడల్ మీది కాలు తీసేసి, మోచేత్తో కళ్లు తుడుచుకుని, మళ్లీ నీళ్లు ఊరితే మళ్లీ తుడుచుకుని, చూపు తేటపడే దాకా ఆ మొనను వేళ్లతో పట్టుకుని కూర్చుంది.